బృహదణువుల ద్రష్ట హెర్మన్ స్టౌడింగర్

కౌతాళం పరిసరాల్లో ఏ పొలానికి వెళ్ళినా రెండు వస్తువులు మన కంటబడతాయి. ఒకటి నల్లరేగడి నేలలో విచ్చుకున్న పత్తి. రెండవది బోరుబావి నుండి చేల గట్ల వెంట సాగిపోయే పి.వి.సి. పైపు. మొదటిది ప్రకృతి ప్రసాదం. ఆదోని జిన్నింగు మిల్లులకు అదే ముడిసరుకు, ఎమ్మిగనూరు మగ్గాలకు అదే ప్రాణం. రెండవది కర్మాగారంలో పుట్టిన కృత్రిమ పదార్థం. ఒకటి మెత్తన, రెండవది గట్టి. ఒకటి నేలలో కలిసిపోతుంది, రెండవది ఏండ్లు గడచినా కలియదు. ఈ రెండింటికి బంధుత్వం ఉన్నదంటే మన రైతు సోదరులు నవ్వవచ్చు. కాని ఉన్నది. రెండింటి దేహమూ ఒకే పద్ధతిలో అల్లబడినది. చిన్న చిన్న అణుభాగాలు వేల సంఖ్యలో ఒకదాని చేయి ఒకటి పట్టుకొని బారులు తీరగా ఏర్పడిన పొడవైన గొలుసులే అటు దూదిలోను, ఇటు పైపులోను ఉన్నాయి. మన ఉర్దూ విభాగపు మిత్రులు గొలుసును జంజీర్ అంటారు. ప్రకృతిలోని ఈ జంజీర్‌ను మొదట గుర్తించి, అది ఉన్నదని నిరూపించడానికి తన జీవితంలో సగభాగాన్ని ధారపోసిన మహనీయుడు హెర్మన్ స్టౌడింగర్. నూరేండ్ల క్రిందట ఆయన మాటను పండితలోకం నమ్మలేదు. నేడు ఆ మాట నమ్మనివారు లేరు. ఈ రెండు స్థితుల మధ్య ఆయన నడచిన బాటను తెలిసికొనడం మన విద్యార్థిలోకానికి మేలు చేస్తుంది.

స్టౌడింగర్ 1881వ సంవత్సరం మార్చి 23వ తేదీన జర్మనీలోని వర్మ్స్ పట్టణంలో జన్మించారు. తండ్రి ఫ్రాంజ్ స్టౌడింగర్ తత్త్వశాస్త్ర పండితుడు, కాంట్ మహాశయుని మార్గాన్ని అనుసరించినవాడు. అంతేగాక వినియోగదారుల సహకారోద్యమానికి సిద్ధాంతబలం సమకూర్చినవారిలో ఒకడు. 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన ఎమ్మిగనూరు నేతపనివారి సహకార సంఘం చరిత్ర తెలిసిన మనకు సహకారం అనే మాట బరువు వేరొకరు చెప్పనక్కరలేదు. మనుష్యులు ఒంటరిగా సాధించలేనిది చేయి కలిపి సాధించగలరన్నది ఆ తండ్రి నమ్మకం. అణువుల విషయంలో అటువంటి సత్యాన్నే కుమారుడు కనుగొనడం ముచ్చటైన సంగతి.

బాల్యంలో హెర్మన్‌కు మొక్కలంటే ప్రీతి. వృక్షశాస్త్రం చదువవలెనని ఆయన కోరిక. మొక్కను చక్కగా అర్థం చేసికొనదలచినవాడు ముందుగా రసాయనశాస్త్రం నేర్వవలెనని పెద్దలు హితవు చెప్పారు. ఆ హితవు ఆయన జీవితగతిని నిర్ణయించింది. హాలె, డార్మ్‌స్టాట్, మ్యూనిచ్ నగరాల్లో విద్యనభ్యసించి, 1903లో హాలె విశ్వవిద్యాలయం నుండి డాక్టరు పట్టం పొందారు. తరువాత స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఆచార్య థీలె వద్ద పనిచేస్తూ 1905లో కీటీన్లు అనే కొత్త తరగతి సమ్మేళనాలను కనుగొన్నారు. అప్పటికి ఆయన వయస్సు ఇరువదినాలుగేండ్లు. ఈ ఒక్క పరిశోధనతోనే కర్బన రసాయనశాస్త్రంలో ఆయన పేరు స్థిరపడింది. 1907లో కార్ల్స్‌రూహె సాంకేతిక విద్యాలయంలోను, 1912లో స్విట్జర్లాండు దేశంలోని జ్యూరిచ్ సమాఖ్య సాంకేతిక విద్యాలయంలోను ఆచార్య పదవులు లభించాయి. జ్యూరిచ్‌లో ఆయన కూర్చున్న పీఠం అంతకుముందు విల్‌స్టాటర్ వంటి ఉద్దండుడు అలంకరించినది.

శిష్యుల విషయంలో స్టౌడింగర్ అదృష్టవంతులు. ఆయన వద్ద పనిచేసిన రుజిచ్కా 1939లోను, రైక్‌స్టైన్ 1950లోను నోబెల్ బహుమానాలు అందుకొన్నారు. అనగా శిష్యులిద్దరికీ గురువుకంటె ముందుగానే ఆ గౌరవం దక్కింది. రుజిచ్కాతో కలిసి ఆయన చామంతి జాతికి చెందిన ఒక పువ్వులోని క్రిమిసంహారక ద్రవ్యాల నిర్మాణాన్ని శోధించారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో మిరియాలు దొరకని జర్మనీకి కృత్రిమంగా మిరియాల ఘాటును తయారుచేసే మార్గాన్ని కనుగొన్నారు. కాఫీ సువాసనకు కారణమైన ద్రవ్యాలనూ విడదీశారు. ఇట్లు నలుబది ఏండ్లు నిండకమునుపే ఆయన సుఖంగా కీర్తిని అనుభవించదగిన స్థితికి చేరారు.

అయితే సుఖం ఆయన కోరినది కాదు. యుద్ధం ఐరోపాను దహిస్తున్న దినాల్లో ఆయన తటస్థ దేశంలో ఉండి, రెండు పక్షాల పారిశ్రామిక శక్తిని అంకెలతో పోల్చి చూశారు. 1917లో అమెరికా రంగప్రవేశం చేసిన తరువాత జర్మనీ గెలువజాలదని, యుద్ధం సాగినకొలది ప్రాణనష్టమే మిగులుతుందని బహిరంగంగా వ్రాశారు. విషవాయువులను ఆయుధాలుగా వాడడాన్ని ఖండించారు. రసాయనశాస్త్రమే ఈ ఘోరానికి సాధనమైనప్పుడు రసాయనశాస్త్రజ్ఞుడు మౌనం వహించరాదని ఆయన తలంపు. జర్మనీ విషవాయు ప్రయోగానికి సూత్రధారియైన ఫ్రిట్జ్ హేబర్ ఆగ్రహించి, స్వదేశానికి కీడు చేశాడని ఆయనను నిందించాడు. లెక్కలు చూపిన సత్యాన్ని దేశద్రోహమన్నారు. ఈ నింద పదునైదేండ్ల తరువాత మరల ఆయన తలుపు తట్టనున్నది.

ఇక ఆయన జీవితంలోని ప్రధాన ఘట్టానికి వద్దాము. రబ్బరుకు మూలమైన ఐసోప్రీన్ అనే ద్రవంపై ఆయన కార్ల్స్‌రూహెలోనే పనిచేసి ఉన్నారు. రబ్బరు, పిండిపదార్థం, దూదిలోని సెల్యులోజు, మాంసకృత్తులు, ఇవన్నీ ఎందుకు సాగుతాయి, ఎందుకు బిగుస్తాయి, నీటిలో ఉప్పువలె పంచదారవలె ఎందుకు కరగిపోవు అన్నది ఆనాటి శాస్త్రానికి చిక్కుముడి. పెద్దలందరూ ఒక సమాధానం చెప్పుకొనేవారు. ఈ పదార్థాల్లో ఉన్నవి చిన్న అణువులేనని, వానిని ఏదో బలహీనమైన ఆకర్షణ ముద్దలు ముద్దలుగా కట్టి ఉంచుతున్నదని వారి అభిప్రాయం. కొన్ని వేలకు మించిన అణుభారం ప్రకృతిలో ఉండదని వారి విశ్వాసం. ఎక్స్‌కిరణాల సాక్ష్యం కూడ వారికి అనుకూలంగానే తోచింది. సెల్యులోజు స్ఫటికంలో మరల మరల కనిపించే గడి చాలా చిన్నది. అణువు ఆ గడిలో ఇమడవలెను గనుక అణువు కూడ చిన్నదే అయి ఉండవలెనని వారు వాదించారు.

1920లో స్టౌడింగర్ పాలిమరీకరణాన్ని గూర్చి ఒక వ్యాసం ప్రచురించి ఈ భవనాన్ని పునాదితో సహా కదిలించారు. రబ్బరులోగాని, పాలిస్టైరీన్‌లోగాని ముద్దలు లేవని, సామాన్య అణువుల్లో పరమాణువులను కలిపే బంధాలే అక్కడ కూడ వేలసార్లు వరుసగా నిలిచి పొడవైన గొలుసులను నిర్మించాయని ఆయన చాటారు. ఇందుకు ప్రత్యేకమైన గూఢశక్తి ఏదీ అక్కరలేదు. తెలిసిన బంధమే చాలును. 1922లో అటువంటి అణువుకు ఆయన పెట్టిన పేరు మాక్రోమాలిక్యూల్. మన తెలుగులో దానిని బృహదణువు అంటున్నాము.

ఊహను ఎవరైనా చేయవచ్చు. పరీక్షకు నిలబెట్టడమే కష్టం. స్టౌడింగర్ వెంటనే ప్రయోగానికి పూనుకొన్నారు. ప్రతిపక్షుల వాదం ప్రకారం రబ్బరులోని చిన్న అణువులను కట్టి ఉంచేది వానిలోని ద్విబంధాల మిగులు ఆకర్షణ. అదే నిజమైతే హైడ్రోజను చేర్చి ఆ ద్విబంధాలను పూరించినప్పుడు ముద్ద విడిపోయి, తేలికగా ఆవిరయ్యే ద్రవం రావలెను. ఆయన రబ్బరుకు హైడ్రోజను చేర్చి చూశారు. ద్రవం రాలేదు. రబ్బరును పోలిన జిగట పదార్థమే నిలిచింది. స్వేదనానికి అది లొంగలేదు. కట్టు విప్పినా గొలుసు తెగలేదనగా, అక్కడ ఉన్నది కట్టు కాదు, గొలుసేనన్నమాట. తరువాత ఫార్మాల్డిహైడు నుండి పొట్టి గొలుసులు మొదలుకొని క్రమంగా పొడవు పెరిగే గొలుసుల శ్రేణిని సిద్ధం చేసి, పొడవుతోపాటు గుణాలు మెట్టు మెట్టుగా మారడం చూపారు. చిన్న అణువు ఎక్కడ ముగిసి బృహదణువు ఎక్కడ మొదలవుతున్నదో గీత గీయలేనంత సహజంగా ఆ మార్పు సాగింది.

అయినను పండితులు చలించలేదు. కీర్తిదాయకమైన పనిని విడిచి జిగురుముద్దల వెంటపడ్డాడని సహచరులు జాలిపడ్డారు. ఆ పదార్థాలను శుద్ధి చేస్తే అవి మామూలు చిన్న అణువులుగా స్ఫటికీకరిస్తాయని, పెద్ద అణువుల ఆలోచన మానుకొమ్మని వీలాండ్ వంటి మహాపండితుడు స్నేహపూర్వకంగా సలహా ఇచ్చాడు. ఆ వీలాండ్ ఖాళీచేసిన ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయ పీఠాన్నే 1926లో స్టౌడింగర్ స్వీకరించారు. అదే సంవత్సరం డసెల్‌డార్ఫ్ నగరంలో జర్మన్ శాస్త్రజ్ఞుల, వైద్యుల మహాసభలో ఈ విషయంపై గొప్ప చర్చ జరిగింది. ముద్దల సిద్ధాంతానికి పలువురు వక్తలు. గొలుసుల సిద్ధాంతానికి స్టౌడింగర్ ఒక్కరు. ఆయన సిద్ధాంతం చేతబట్టుకొని పోలేదు, ప్రయోగ ఫలితాలు చేతబట్టుకొని పోయారు. స్ఫటికంలోని గడి చిన్నదైనంత మాత్రాన అణువు చిన్నది కానక్కరలేదని, ఒకే గొలుసు అనేక గడులగుండా సాగిపోవచ్చునని ఎక్స్‌కిరణ నిపుణుడు హెర్మన్ మార్క్ ఆ సభలోనే చూపాడు. సభాధ్యక్షుడైన విల్‌స్టాటర్ మహాశయుడు, మింగుడుపడకపోయినా ఈ భావానికి అలవాటుపడక తప్పదని అంగీకరించాడు. మంచు కరగడం ఆరంభమైంది.

ఆ తరువాతి పోరాటాన్ని స్టౌడింగర్ సాగించిన సాధనం మన విద్యార్థులకు సుపరిచితమే. డిగ్రీ తరగతుల ప్రయోగశాలలో ఆస్ట్‌వాల్డ్ స్నిగ్ధతామాపకం అనే వంకర గాజుగొట్టాన్ని మనము చేతబట్టి, ఒక గీత నుండి మరొక గీతకు ద్రవం జారడానికి పట్టే సెకండ్లను గడియారంతో లెక్కిస్తాము. స్వీడన్ దేశంలో స్వెడ్‌బర్గ్ అతివేగంగా తిరిగే ఖరీదైన యంత్రంతో మాంసకృత్తుల అణుభారాలను కొలుస్తున్న దినాల్లో, ఫ్రైబర్గ్‌లో స్టౌడింగర్‌కు ముఖ్య ఆధారం ఈ గాజుగొట్టమే. గొలుసు పొడవైనకొలది దాని ద్రావణం చిక్కబడుతుంది, జారడానికి ఎక్కువ సమయం తీసికొంటుంది. ఈ స్నిగ్ధతకు అణుభారానికి గల సంబంధాన్ని ఆయన 1930 ప్రాంతంలో సూత్రబద్ధం చేశారు. పరికరాలు లేవని పరిశోధన మానుకొనేవారు ఈ సంగతిని గుర్తుంచుకొనదగును.

ఇక్కడ ఒక విషయాన్ని దాచరాదు. మహనీయుల జీవితాలు వ్రాసేటప్పుడు వారి గుణాలనే ఎంచి లోపాలను కప్పిపుచ్చడం సత్యానికి అపచారం. గొలుసులున్నవని పెద్దలను ఎదిరించి నిలిచిన స్టౌడింగర్, ఆ గొలుసులు కర్రలవలె బిగుసుకొని ఉంటాయని పట్టుబట్టారు. అవి దారంవలె వంగుతాయని, ద్రావణంలో ఉండచుట్టుకొంటాయని మార్క్, వెర్నర్ కూన్ మొదలగువారు 1930ల దశకంలో చెప్పగా ఆయన చాలాకాలం అంగీకరించలేదు. వారి మాటే నిజమైంది. ఆయన స్నిగ్ధతా సూత్రాన్ని కూడ తరువాతివారు అందుకు అనుగుణంగా సవరించారు. ఇతరుల మొండితనానికి గురియైన మనిషి తానును ఒక మొండితనానికి లోబడినాడు. సత్యానికి ఎవరూ శాశ్వతంగా హక్కుదారులు కారు.

గొలుసు వంగుతుందా లేదా అన్న ఈ వివాదం పండితుల గదికే పరిమితం కాదు. మన పొలంలోని పైపుకు, మన ఇంటిలోని రెక్సిన్ సంచికి గల భేదమంతా అందులోనే ఉన్నది. డసెల్‌డార్ఫ్ సభ జరిగిన ఆ 1926వ సంవత్సరంలోనే అమెరికాలో, గుడ్రిచ్ రబ్బరు సంస్థలో వాల్డో సెమన్ అనే యువ రసాయనశాస్త్రజ్ఞుడు రబ్బరును లోహానికి అంటించే జిగురుకోసం వెదకుతున్నాడు. అప్పటికి పాలివినైల్ క్లోరైడు కొత్త పదార్థం కాదు. 1872లోనే బామన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు వినైల్ క్లోరైడు వాయువు నింపిన గాజునాళాలను ఎండలో ఉంచి, వానిలో తెల్లని ఘనపదార్థం ఏర్పడడం చూశాడు. కాని అది పెళుసు, వేడిచేస్తే చెడిపోయేది. పనికిరానిదని అందరూ పక్కన పెట్టారు. సెమన్ దానిని సులభంగా ఆవిరికాని ఒక ద్రవంలో వేడిచేసి చల్లార్చగా, రబ్బరువలె సాగి వంగే పదార్థం లభించింది. జిగురు దొరకలేదు గాని, మెత్తని పి.వి.సి. దొరికింది.

ఇది ఎట్లు జరిగిందో స్టౌడింగర్ గొలుసుల భాషలోనే చెప్పవలెను. వినైల్ క్లోరైడు అణుభారం 62.5. అటువంటి భాగాలు వేయి వరుసగా చేరితే అరువదిరెండువేల అయిదువందల భారంగల గొలుసు అవుతుంది. పి.వి.సి. గొలుసులు సామాన్యంగా ఈ స్థాయిలోనే ఉంటాయి. దాని బరువులో నూటికి 57 వంతులు క్లోరిను. అది మన వంట ఉప్పు నుండి లభించేదే. గొలుసు పొడవునా నిలిచిన ఈ క్లోరిను పరమాణువుల వలన ఒక గొలుసు ప్రక్కగొలుసును గట్టిగా ఆకర్షిస్తుంది. కర్మాగారంలో తయారైన తెల్లని పొడిలోని ఒక రేణువు మిల్లీమీటరులో పదవవంతు ఉంటుంది. సూక్ష్మదర్శినితో దానిని లోతుగా పరీక్షిస్తే, మిల్లీమీటరులో వేయవవంతు పరిమాణం గల చిరుకణాలు దానిమ్మపండులో గింజలవలె అందులో కూర్చబడి ఉంటాయి. ఆ చిరుకణంలోనికి ఇంకను దిగితే, గొలుసుల్లో అధికభాగం నూలుచిక్కువలె అడ్డదిడ్డంగా పడి ఉంటుంది. నూటికి అయిదు నుండి పది వంతులు మాత్రమే పడుగు దారాలవలె క్రమంగా వరుసలుకట్టి సూక్ష్మ స్ఫటికాలుగా ఏర్పడతాయి.

పైపు తయారుచేసేటప్పుడు ఆ పొడిని దాదాపు 180 డిగ్రీల సెంటిగ్రేడుకు పైగా వేడిచేసి ఒత్తిడితో నెడతారు. చిరుకణాల హద్దులు చెరగి గొలుసులు ఒకదానిలోనికి ఒకటి చొచ్చుకొంటాయి. చల్లారేటప్పుడు సూక్ష్మ స్ఫటికాలు మరల ఏర్పడి అంతటినీ ముడివేస్తాయి. ఈ కలయిక సరిగా జరుగని పైపు చూపునకు బాగానే ఉన్నా దెబ్బకు పగులుతుంది. సుమారు 80 డిగ్రీలకు లోపు ఉష్ణోగ్రతలో గొలుసులు కదలలేక బిగుసుకొని ఉంటాయి. మన వేసవి ఎండకు కూడ పైపు కరగక నిలుచుటకు కారణమిదే.

మెత్తని పి.వి.సి.లో జరిగేది వేరు. ప్లాస్టిసైజర్ అనబడే నూనెవంటి ద్రవం చిక్కుపడిన గొలుసుల మధ్యకు దూరి, వానిని కొంచెం ఎడంచేసి, పరస్పర ఆకర్షణను తగ్గిస్తుంది. అప్పుడు మామూలు వాతావరణంలోనే గొలుసులు మెలికలు తిరుగగలవు, వంగగలవు. కాని ఆ ద్రవం సూక్ష్మ స్ఫటికాల్లోనికి ప్రవేశింపజాలదు. అవి ముడులవలె అక్కడక్కడ నిలిచి వస్తువు ఆకారాన్ని కాపాడుతాయి. వలను తలచుకొనండి. దారాలు వంగుతాయి గనుక వల మెత్తన; ముడులు విడవు గనుక వల వలగానే ఉంటుంది. గొలుసు కర్రవంటిదే అయితే ఈ మెత్తదనం సాధ్యమయ్యేది కాదు. స్టౌడింగర్ మొదటి మాట పైపులోను, రెక్సిన్‌లోను సమానంగా నిజమైంది. రెండవ మాటను రెక్సిన్ కాదన్నది.

ఈ ప్లాస్టిసైజర్ గొలుసుకు బంధంతో అతుక్కొని ఉండదు. కావుననే కాలక్రమేణ బయటికి జారిపోతుంది. పాత రెక్సిన్ సీటు బిరుసెక్కి పగుళ్ళు దేరుటకు అదే హేతువు. ఉరుసు అంగడిలో కొన్న మెత్తని బొమ్మను పసిబిడ్డ నోట పెట్టుకొంటే ఆ ద్రవం కొంత లోనికి పోగలదు. అందుచేత థాలేటులనే కొన్ని ప్లాస్టిసైజర్లను పిల్లల బొమ్మల్లో వాడరాదని పలు దేశాలు చట్టాలు చేశాయి. వినైల్ క్లోరైడు వాయువు దానిని పీల్చే కార్మికుల కాలేయంలో కాన్సరు కలిగిస్తుందని 1974లో వెల్లడి కాగా, కర్మాగారాల్లో కట్టుదిట్టాలు ఏర్పడ్డాయి. విరిగిన పైపు ముక్కలను తగులబెడితే హైడ్రోక్లోరిక్ ఆమ్లవాయువు వెలువడి కండ్లకు, ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. గొలుసును నిర్మించడం నేర్చిన మానవుడు దాని పర్యవసానాన్ని కూడ తెలిసికొని మెలగవలెను.

మరల స్టౌడింగర్ కథకు వద్దాము. 1933లో హిట్లర్ అధికారంలోనికి వచ్చాడు. ప్రఖ్యాత తత్త్వవేత్త మార్టిన్ హైడెగర్ ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయాధిపతి అయ్యాడు. తత్త్వవేత్త కుమారుడైన స్టౌడింగర్‌పై ఆ తత్త్వవేత్తయే అధికారులకు ఫిర్యాదు చేశాడు. మొదటి యుద్ధకాలంలోని శాంతి రచనలే నేరం. రహస్య పోలీసులు విచారించారు. ఆచార్యుని పదవి నుండి తొలగించవలెనని 1934 ప్రారంభంలో హైడెగర్ సిఫార్సు చేశాడు. విదేశాల్లో ఆయనకున్న పేరును చూసి అధికారులు వెనుకంజ వేశారు. రాజీనామా పత్రం వ్రాయించుకొని, కొంతకాలం తమవద్ద ఉంచుకొని, అమలుపరచకుండ విడిచారు. తల మీద వ్రేలాడే కత్తివంటి ఆ కాగితం క్రిందనే ఆయన పాఠాలు చెప్పారు. తరువాతి కాలంలో విదేశ ప్రయాణాలకు కూడ ఆటంకాలు కల్పించారు. 1944 నవంబరు 27వ తేదీ రాత్రి ఫ్రైబర్గ్‌పై కురిసిన బాంబుల వర్షంలో ఆయన సంస్థ భవనం చాలవరకు నాశనమైంది.

ఈ కష్టకాలమంతటా ఆయనకు తోడునీడగా నిలిచినది భార్య మాగ్డా. ఆమె లాత్వియా కుటుంబానికి చెందిన వృక్షశాస్త్రజ్ఞురాలు. బాల్యంలో మొక్కలను చదువగోరి రసాయనం వైపు మళ్ళిన స్టౌడింగర్‌కు వృక్షశాస్త్రం ఈ విధంగా ఇంటికే వచ్చింది. సూక్ష్మదర్శినితో బృహదణు పదార్థాలను పరీక్షించడంలోను, జీవకణాల్లో బృహదణువుల పాత్రను విచారించడంలోను ఆమె ఆయనకు నిజమైన సహపరిశోధకురాలు. తన కృషిలో ఆమె పాలును ఆయన బహిరంగంగా అంగీకరించారు.

యుద్ధానంతరం శిథిలాల నుండి సంస్థను మరల లేపారు. 1947లో బృహదణు రసాయనశాస్త్రానికి ప్రత్యేకమైన పత్రికను నడిపారు. ఈ లోగా ప్రపంచం ఆయన సిద్ధాంతాన్ని ఆచరణలో నిరూపించింది. అమెరికాలో కారథర్స్ ఒక్కొక్క బంధాన్ని తెలిసి తెలిసి కలుపుతూ 1935లో నైలాన్ గొలుసును నిర్మించాడు. పాలిస్టైరీన్, పాలిథీన్, పి.వి.సి. ఇంటింటి వస్తువులయ్యాయి. చివరకు 1953లో బృహదణు రసాయనశాస్త్రంలోని ఆవిష్కరణలకుగాను ఆయనకు నోబెల్ బహుమానం లభించింది. అప్పటికి ఆయన వయస్సు 72 ఏండ్లు. మూలవ్యాసం వెలువడి ముప్పదిమూడేండ్లు. జీవపదార్థపు మూలరహస్యమైన డి.ఎన్.ఏ. నిర్మాణం వెల్లడియైనది ఆ 1953లోనే. అదియు ఒక గొలుసుకట్టు బృహదణువే. 1965 సెప్టెంబరు 8వ తేదీన ఫ్రైబర్గ్‌లో, 84 ఏండ్ల వయస్సులో స్టౌడింగర్ పరమపదించారు.

ఆయన విత్తిన విత్తనం మన జిల్లాలో కూడ మొలకెత్తింది. కర్నూలు జిల్లాలో జన్మించిన ఆచార్య ముషి శాంతప్పగారు బృహదణు రసాయనశాస్త్రంలో పరిశోధనలు చేసి 1967లో శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమానం పొందారు. మద్రాసులోని కేంద్రీయ చర్మ పరిశోధనా సంస్థకు సంచాలకులుగాను, శ్రీ వేంకటేశ్వర, మద్రాసు విశ్వవిద్యాలయాలకు ఉపకులపతిగాను సేవచేసి 2017లో కన్నుమూశారు. వానకై ఎదురుచూచే మన మెట్టసీమ నుండి బయలుదేరినవారు కూడ ఈ శాస్త్రంలో అగ్రపంక్తికి చేరగలరనుటకు ఇంతకంటె నిదర్శనం ఏమి కావలెను?

విద్యార్థి మిత్రులారా! స్టౌడింగర్ జీవితం నుండి మనము గ్రహింపదగినవి రెండు. పెద్దలందరూ ఒక వైపు ఉన్నను, చేతిలోని ప్రయోగఫలితం మరొక వైపు చూపుతున్నప్పుడు ఫలితాన్ని విడువరాదు. యుద్ధాన్ని గూర్చియు, రబ్బరును గూర్చియు ఆయన చేసినది ఈ ఒక్క పనియే. మొదటిదానికి నింద, రెండవదానికి నోబెల్ బహుమానం లభించాయి. ఆయన దృష్టిలో రెండింటి పద్ధతి ఒకటే. ఇక రెండవ పాఠం ఆయన పొరపాటు నేర్పేది. నిజం బోధపడిన తరువాత కూడ వంగడానికి కొంచెం చోటు ఉంచుకొనవలెను. మన పొలంలోని పైపు గట్టిగా ఉండి నీటిని చేరవేస్తుంది. మన ఇంటిలోని రెక్సిన్ వంగి బరువు మోస్తుంది. రెండింటిలో ఉన్నది ఒకే గొలుసు. ఎక్కడ బిగువు అవసరమో, ఎక్కడ మెత్తదనం అవసరమో తెలిసిన మనస్సును ఈ కళాశాల నుండి మనము తీసికొనిపోగలిగితే, ఆ మహనీయుని స్మరించినందుకు ఫలం దక్కినట్లే.